అర చుట్టు

పిచ్చుక మళ్లీ పడింది.

గాల్లోకి లేచినట్టే లేచింది. సగం దారిలో ఎవరో వెనకనుంచి చొక్కా పట్టి లాగినట్టు తుంటి మీద కూలబడి, మంచు మీద బర్రున జారుకుంటూ పోయి, స్కేటింగ్ రింకు చుట్టూ ఉన్న చెక్కగోడకు తగిలి ఆగింది. గోడ దడదడలాడింది. బెంచీల మీద కూర్చున్న తల్లుల్లో ఒకావిడ "అమ్మో" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. పిచ్చుక తల్లి మాత్రం తలెత్తలేదు. ఆమె దర్జీ. కూతురి పోటీ గౌను ఒళ్లో పరుచుకుని పూసలు కుడుతోంది. సూది ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది.

"లే," అంది కోచ్.

పిచ్చుక లేచి మోకాళ్లకు అంటిన మంచుపొడి దులుపుకుంది. ఎర్రబడిన ముక్కును గ్లవ్‌తో తుడుచుకుంది. తల్లి చెయ్యి పట్టుకుని మొదటిసారి వచ్చిన రోజున ఒక్కచోట కాలు నిలవక అటూ ఇటూ గెంతుతుంటే రింకులో అందరూ కలిసి పెట్టిన పేరు, పిచ్చుక. ఇప్పుడు పదమూడేళ్లు. గెంతడం తగ్గింది గానీ పేరు మాత్రం పోలేదు.

"ఏం తప్పు చేశావో తెలుసా?"

"భుజం ముందే తిప్పేశాను మేడమ్."

"మరి ఆపొచ్చుగా?"

"ఆపితే అసలు తిరగడమే లేదు."

"కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది నీ భుజం సంగతి."

వరసలో నిలబడ్డ మిగతా పిల్లలు కిసుక్కుమన్నారు. పిచ్చుక కూడా నవ్వబోయి, తుంటి నొప్పికి మొహం ముడుచుకుంది. కోచ్ ఆ పిల్ల దగ్గరికి జారి వచ్చి గొంతు తగ్గించింది.

"చూడమ్మా. కొందరికి పుట్టుకతోనే గాలి ఉంటుంది. ఒకసారి చెబితే లేస్తారు. మనకు లేదు. మనలాంటివాళ్లకు కష్టమే గతి. వెళ్లు, మళ్లీ వెయ్."

కోపంగా అన్న మాట కాదది. ప్రేమగానే అంది. చిన్నప్పుడు ఆమె కోచ్ ఆమెకు చెప్పిన మాటే. ఆ మాట పట్టుకునే ఆమె పెద్ద పోటీలకు వెళ్లింది. విజేతలు నిలబడే మెట్లలో మూడోదాన్ని దాటి ఎన్నడూ పైకి ఎక్కలేదు. కుడి మోకాలు పోయాక ఈల మెడలో వేసుకుని, తను నేర్చుకున్న రింకులోనే పిల్లలకు నేర్పుతోంది.

పిచ్చుకకు రాని జంప్ ఒక్కటే. ముందుకు చూస్తూ లేచి, గాల్లో రెండున్నర చుట్లు తిరిగి, వెనక్కి దిగాలి. శనివారం సెలెక్షన్. ఈ జంప్ లేనివాళ్లకు పిల్లల జట్టులో చోటు లేదు. వచ్చే ఏడాదికి పిచ్చుకకు ఆ జట్టు వయసు దాటిపోతుంది.

టీ కప్పు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డ మేనేజర్ ఆ పడటమంతా చూశాడు.

"ఏంటి మేడమ్, మీ పిచ్చుక ఎగరడం లేదేంటండీ?"

"ఎగురుతుంది. ఇంకా రోజులున్నాయి."

"శుక్రవారం దాకా చూడండి. కాదంటే పేరు తీసేసి ఇంకో పిల్లను పెడదాం."

"తీసేయడం ఎందుకండీ? పైన దేవుడున్నాడు."

"దేవుడు ఉంటాడండీ. కింద జడ్జీలు కూడా ఉంటారు," అని ఆయన మిగిలిన టీ తాగేసి వెళ్లిపోయాడు.

ప్రాక్టీసు అయ్యాక కోచ్ బెంచీ మీద కూర్చుని స్కేట్లు విప్పుకుంది. బ్లేడ్లు తుడిచి, గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుని బయటికి నడిచింది. స్కేట్లు మార్చుకునే గదికీ గేటుకూ మధ్య రబ్బరు చాప పరిచిన పొడుగాటి నడవ ఉంది. మామూలు జనం వచ్చే వేళ కావడంతో రింకు లౌడుస్పీకర్లో ఏదో హుషారైన పాట వేశారు. నడవ మలుపులో కోచ్ కాళ్లు ఆగిపోయాయి.

పిచ్చుక తల్లి కోసం ఎదురుచూస్తూ ఒక్కతే ఆడుకుంటోంది. కాళ్లకు మామూలు బూట్లు, భుజాన సంచి. పాటకు తగ్గట్టు రెండడుగులు వేసి, సంచితో సహా గిర్రున తిరిగింది. ఆగకుండా అలాగే లేచింది. గాల్లో రెండు చుట్లు తిరిగి పిల్లిలా దిగింది. చాప మీద చప్పుడైనా కాలేదు.

కోచ్‌కు ముందుగా ఏదో తేడా మాత్రమే తెలిసింది. అద్దంలో చూస్తున్నట్టు. తేడా ఏమిటో కాసేపటికి గానీ అందలేదు. ఆ పిల్ల కుడివైపుకు తిరుగుతోంది.

"పిచ్చుకా!"

దొంగతనం బయటపడినట్టు ఉలిక్కిపడి, పిచ్చుక సంచి సర్దుకుంది. "సారీ మేడమ్. నడవలో గెంతకూడదని తెలుసు."

"అది సరే. ఎటు తిరిగావు?"

"ఇటా? ఇది ఊరికే మేడమ్, ఆటకి. ప్రాక్టీసులో ఎప్పుడూ ఇలా తిరగను, ఒట్టు."

"ఎప్పుడూ ఆటకి ఇటే తిరుగుతావా?"

"ఇటు ఆటకి. అటు ప్రాక్టీసుకి," అంది పిచ్చుక, అది లోకమంతటికీ తెలిసిన సంగతే అన్నట్టు.

రింకు గేటు దగ్గర గోడ మీద ఎర్రరంగుతో పెద్ద బాణం గుర్తు ఉంటుంది. దాని కింద 'జంప్ ఏదైనా ఎడమకే' అని రాసి ఉంటుంది. కోచ్ చిన్నతనం నుంచీ ఉంది ఆ బాణం. రంగు వెలిసినప్పుడల్లా మళ్లీ వేస్తారు. కొత్త పిల్లలు వచ్చిన రోజున కోచ్ వాళ్ల ముందు, వాళ్లకు వీపు పెట్టి నిలబడుతుంది. ఆమె ఎటు తిరిగితే అటు వెనకాల పిల్లలంతా తిరుగుతారు. అలా నేర్పడం తేలిక. కాకపోతే, వెనక ఉన్న పిల్ల ఏ మాటా వినకముందు, తనంతట తానుగా ఎటు తిరగబోయిందో ముందున్న మనిషికి కనపడదు.

మర్నాడు మధ్యాహ్నం మంచును సాపు చేసే బండి చివరి చుట్టు వేసి వెళ్లింది. బండి నడిపే అతను అన్నానికి వెళ్లాడు. తడి ఆరని మంచు మీద పైకప్పు దీపాలు వరసగా మెరుస్తున్నాయి. ఆ గంటసేపు రింకులోకి ఎవరూ రారు. కోచ్ గేటు తీసుకుని వంగి, మంచును వేళ్లతో తాకి, మనసులో దేవుణ్ని తలచుకుంది. పోటీల రోజుల నుంచీ ఆమెకున్న అలవాటది.

ఎందుకు వచ్చిందో తనకే చెప్పుకోలేదు. రెండు రౌండ్లు నెమ్మదిగా తిరిగింది. మోకాలు పోయాక ఆమె జంప్ వేయలేదు. పిల్లలకు చేతులతో చూపిస్తుంది, నోటితో చెబుతుంది. మధ్యకు వచ్చాక చుట్టూ చూసి, కుడివైపుకు ఒక అర చుట్టు వేయబోయింది. ఆరేళ్ల పిల్లలకు మొదట నేర్పే గెంతు అది. ముందుకు చూస్తూ లేవాలి, వెనక్కి చూస్తూ దిగాలి, అంతే.

మొదటిసారి కాళ్లు తడబడి గాల్లోకి లేవకుండానే ఆగిపోయింది. రెండోసారి కళ్లు మూసుకుంది. కుడికాలు తోసింది. ఎడమకాలు దానంతట అదే ముందుకు ఊగింది.

లేచిన సంగతి చెవుల దగ్గర తెలిసింది. చెంపలకు చల్లగాలి కొట్టింది. భుజాన్ని ఆపలేదు, తిప్పలేదు. ఇన్నేళ్లుగా దానికి చెబుతూ వచ్చిన సవాలక్ష జాగ్రత్తల్లో ఒక్కటీ చెప్పలేదు. అది తోవ తెలిసిన ఎద్దులా తానే నడిచింది. ఎడమకాలి మీద దిగి, చాలా దూరం, అడ్డేమీ లేనట్టు వెనక్కి జారుతూ పోయింది.

ఆగాక ఆమె అలాగే నిలబడింది. వరసలు వరసలుగా బెంచీలన్నీ ఖాళీ. ఎవరైనా చూసి ఉంటే బాగుండుననిపించింది. ఎవరూ చూడనందుకు సిగ్గు తప్పిందనీ అనిపించింది. ఎన్ని పోటీల ముందు, ఎన్ని పరాయి గదుల్లో మంచం పక్కన కూర్చుని దేవుణ్ని అడిగిందో: అందరికీ ఇచ్చిన గాలి నాకెందుకు ఇవ్వలేదు స్వామీ అని. ఇచ్చినవాడు ఇటు తిప్పి ఇచ్చాడు. పుచ్చుకున్నవాళ్లు అటు తిప్పుకున్నారు. ఆయన పాపం ఏమని జవాబు చెబుతాడు?

సాయంత్రం ఇంటికి వెళ్లింది. రెండు గదుల ఇల్లు. కిటికీ కింద హీటరు, దాని మీద ఆరేసిన మేజోళ్లు, బోర్లించిన ఒక్క కంచం, ఒక్క గ్లాసు. కోటు విప్పకుండానే కుర్చీలో కూర్చుని అక్కకు ఫోన్ చేసింది.

"ఏంటే, ఆదివారం కాకుండా చేశావు? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది అక్కా. ఒకటి అడుగుతాను, నవ్వకు. చిన్నప్పుడు నేను ఎటు తిరిగేదాన్ని?"

"ఎటేంటే? వీధులన్నీ తిరిగేదానివి. అమ్మ గరిటె పట్టుకుని నీ వెనకాల."

"అది కాదే. గదిలో గిర్రున తిరిగేవాళ్లం కదా, కళ్లు తిరిగిపోయేదాకా."

"ఓ, అదా!" అక్క నవ్వు మొదలుపెట్టి ఆపలేకపోయింది. "నీతో చేతులు పట్టుకుని తిరగడమంటే ఎప్పుడూ గొడవే కదే. నేను ఇటు లాగితే నువ్వు అటు. విసుగొచ్చి చేతులు వదిలేసేదాన్ని. నువ్వు పోయి బీరువాకు గుద్దుకునేదానివి. ఇప్పుడవన్నీ ఎందుకు గుర్తొచ్చాయి?"

"ఊరికే."

"వంట చేసుకున్నావా?"

"ఆఁ," అంది. చేసుకోలేదు.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు అది చేతిలోనే ఉంది. జరిగింది చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో, అసలు ఎవరికి అర్థమవుతుందో తోచలేదు. ప్రపంచంలో ఒక్కరికే అర్థమవుతుంది. ఆయన ప్రతి బుధవారం రింకు క్యాంటీనుకు వస్తాడు.

పెద్దాయన్ను అందరూ సార్ అంటారు. ఆమెకు స్కేట్లు కట్టి మంచు మీద నిలబెట్టింది ఆయనే. ఇప్పుడు మెడకు మఫ్లరు చుట్టుకుని, రింకు కనపడే కిటికీ పక్కన కూర్చుని, టీ కప్పును రెండు చేతులతో పట్టుకుంటాడు. వేళ్లు వణుకుతాయి. కళ్లు మాత్రం మంచు మీద ఏ పిల్ల కాలు వంకరగా పడ్డా పట్టేస్తాయి.

"ఆ పచ్చ చొక్కా పిల్ల మడమ మీద దిగుతోంది, చూసుకో," అన్నాడు ఆమె కూర్చోకముందే.

"చూస్తాను సార్." ఆమె కుర్చీ లాక్కుంది. "సార్, నేను మొదటి రోజు వచ్చింది మీకు గుర్తుందా?"

"ఉండకేం? నీలం మేజోళ్లు. ఆరోజు ఏడవనిది నువ్వొక్కదానివే."

"ఎటు తిరిగాను?"

గుర్తులేదంటాడనే ఆమె అనుకుంది. అలా అంటే బాగుండునని కూడా అనుకుంది.

"కుడికి," అన్నాడు ఆయన.

"మీరు చూశారా?"

"చూడకపోతే కోచ్ ఎలా అవుతానమ్మాయ్? ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరో ఇద్దరో అలా వస్తారు. కొన్నాళ్లు తికమక పడతారు, తర్వాత సర్దుకుంటారు. నువ్వు అందరికంటే తొందరగా సర్దుకున్నావు. చెప్పిన మాట వినేదానివి."

"ఎందుకు మార్చారు సార్?"

ఆయన కప్పు కింద పెట్టాడు. "అప్పట్లో మంచు ఇప్పటిదాంట్లో సగం. పిల్లలు ఇంతకు రెట్టింపు. ఒకరు ఇటు, ఒకరు అటు లేస్తే ఒకరి బ్లేడు ఇంకొకరి తొడలో దిగుతుంది. దిగింది కూడా. ఆ పిల్లను బయటికి మోసుకెళ్లింది నేనే. నా చొక్కా అంతా రక్తం. మర్నాడు పొద్దున్నే గోడ మీద ఆ బాణం వేయించాను. తప్పంటావా?"

కిటికీ అవతల పచ్చ చొక్కా పిల్ల ఎడమకు తిరిగి మడమ మీద దిగింది.

"తప్పనడం లేదు సార్. మరి నాకు గాలి లేదని ఎందుకన్నారు?"

"లేదు కాబట్టి అన్నాను."

"ఎటువైపు లేదు సార్?"

పెద్దాయన మంచు వైపు తిరిగాడు. టీ మీద మీగడ కట్టింది.

"అటువైపు నేను చూడలేదమ్మాయ్," అన్నాడు చివరికి. ఆ తర్వాత ఓదార్చుతున్నట్టు, "అయినా మూడో మెట్టు తక్కువేం కాదు. ఎంతమందికి దొరుకుతుంది?"

"తక్కువ కాదు సార్," అంది ఆమె. లేచి, జారిపోతున్న మఫ్లరును ఆయన మెడచుట్టూ సర్దింది. ఆయన మీద కోపం రాలేదు. వస్తే దానితోనైనా కాసేపు పొద్దుపోయేది.

గురువారం ప్రాక్టీసు అయిన వెంటనే దర్జీ కొట్టుకు వెళ్లింది. ఇరుకు గది. మూల మిషను, గోడ పొడవునా తగిలించిన సగం కుట్టిన బట్టలు, నేలంతా దారం ముక్కలు. పిచ్చుక తల్లి నోట్లో గుండుసూదులు పట్టుకుని కూతురి గౌను పావడాకు మడతలు పెడుతోంది. కోచ్‌ను చూడగానే సూదులు తీసి స్టూలు తుడిచింది.

"రండి మేడమ్. మీరే చెప్పండి, ఈ మడతలు ఇలా పెడితే ఎడమకు తిరిగినప్పుడు గొడుగులా విచ్చుకుంటాయి కదూ? రాత్రంతా ఇదే ఆలోచన."

చెప్పడం మరింత కష్టమైంది. అయినా చెప్పింది. నడవలో చూసింది, బాణం సంగతి, పిల్లకు పుట్టుకతో వచ్చిన వైపు, తాను నేర్పిన వైపు. దర్జీ వింటూనే మడతల మీద ఇస్త్రీపెట్టె నడిపింది. మాటలు అయిపోయాక పెట్టెను నిలబెట్టింది.

"అంటే ఇన్నేళ్లు నేర్పిందంతా తప్పంటారా?"

"వైపు తప్పు."

"ఎవరిది?"

"నాది. నేను చూసుకోవాల్సింది."

"ఎంత తేలిగ్గా అనేశారు!" దర్జీ గొంతు పెంచలేదు. "చీకటితో లేపితే నిద్రలో నడుచుకుంటూ వచ్చేది నా కూతురు. బస్సులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయేది. దిగేముందు లేపడానికి నాకు చేతులు వచ్చేవి కావు. ఇప్పుడు సరైన వైపు నేర్పాలంటే?"

"మొదటినుంచీ. చిన్నపిల్లలతో. రెండేళ్లు పట్టొచ్చు. ఈ జట్టు ఉండదు. పెద్దవాళ్ల జట్టు ఉంటుంది. అక్కడికి చేరుతుందో లేదో చెప్పలేను."

"అటు పడి చస్తున్నదే, ఆ జంప్ శనివారం ఒక్కసారి కుదిరితే?"

"కుదిరితే జట్టులో ఉంటుంది. నాలాగా కష్టంతో లాక్కొస్తుంది."

"మీకేం తక్కువైందండీ? చదువుకున్నవాళ్లంతా మీకు నమస్కారం పెడతారు." దర్జీ చేతులు జోడించింది. "మేడమ్, శనివారం అయ్యేదాకా దానికి ఈ మాట చెప్పకండి. మనసు విరిగితే ఉన్నది కూడా పోతుంది. మీకు దణ్ణం పెడతాను."

"సరే," అంది కోచ్.

మాట ఇచ్చి వీధిలోకి వచ్చింది. బస్సు స్టాపు దాకా నడిచింది. బస్సు వచ్చింది, వెళ్లింది, ఆమె ఎక్కలేదు. పెద్దాయన తెలియక చేసిన తప్పు కాదది. తెలిసి, మంచికేనని మూసిపెట్టిన మాట. ఇప్పుడు తన నోట్లోనూ అలాంటిదే ఒకటి ఉంది. మంచికే.

శుక్రవారం పిచ్చుక పడుతూనే ఉంది. తుంటి మీద, మోచేతి మీద, ఒకసారి వెల్లకిలా. మేనేజర్ వచ్చి చూసి వెళ్లాడు. పేరు తీయలేదు. ఇంకో పిల్లకు జ్వరమట. మిగతా పిల్లలు వెళ్లిపోయాక పిచ్చుక గోడకు ఆనుకుని నీళ్లు తాగింది.

"మేడమ్, రేపటి తర్వాత నేను మానేస్తాను. అమ్మకు ఇంకా చెప్పలేదు. మీకే ముందు."

"ఎందుకు?"

"గాలి లేదుగా. మీకైతే కష్టమన్నా చేతనైంది. నాకు అదీ చేతకావడం లేదు."

ఏడుస్తూ అనలేదు. సీసా మూత జాగ్రత్తగా బిగిస్తూ అంది. ఆ జాగ్రత్త చూశాక కోచ్‌కు దర్జీ జోడించిన చేతులు గుర్తొచ్చాయి. గుర్తొచ్చినా ఆగలేకపోయింది.

"ఆటకి తిరుగుతావే, అటు ఒక అర చుట్టు వెయ్."

"ఇక్కడా? బాణం ఉంది కదా మేడమ్!"

"బాణానికి నేను చెబుతాలే. వెయ్."

పిచ్చుక అనుమానంగా చూస్తూ మంచు మధ్యకు వెళ్లింది. రెండు తోపులు తోసి, కుడికాలి మీద నిలిచి, లేచింది. కోచ్ ఎంతోమంది పిల్లల అర చుట్లు చూసింది. అవి గెంతులు. ఇది గెంతు కాదు. పిల్ల పైకి వెళ్లి అక్కడ కాసేపు ఉండి, తన ఇష్టం వచ్చినప్పుడు దిగింది. బ్లేడు మంచును తాకిన చప్పుడు వినపడలేదు. వెనక్కి జారుతూ పోయి అవతలి గోడ దగ్గర ఆగింది.

అక్కడినుంచే అరిచింది. "మేడమ్, ఇదేంటి?"

"గాలి."

"ఎవరిది?"

"నీదే. మొదటినుంచీ నీదే."

పిచ్చుక మెల్లగా వచ్చింది. మొహంలో సంతోషం వచ్చినట్టే వచ్చి, ఇంకేదో అయింది. "మీకెప్పుడు తెలిసింది?"

"సోమవారం. నడవలో."

"సోమవారమా?" ఆ పిల్ల మోచేతి మీద ఎర్రగా గీసుకుపోయిన చోటు చూసుకుంది. "మరి రోజూ అటే పడుతుంటే చూస్తూ ఊరుకున్నారా?"

పెద్దాయన్ను ఆ రోజుల్లో ఇలా అడిగినవాళ్లు లేరు. తానే అడగలేదు.

"ఊరుకున్నాను," అంది కోచ్.

పిచ్చుక ముక్కు ఎగబీల్చి మొహం తిప్పుకుంది. కాసేపటికి, "రేపు ఏం చెయ్యమంటారు?" అంది.

"ఎడమకు వేస్తే పడొచ్చు, నిలబడొచ్చు. నిలబడితే జట్టులో ఉంటావు. మంచు మీద కుడికి నీకు వచ్చింది ఈ అర చుట్టు ఒక్కటే. అది వేస్తే జట్టు లేదు. ఏది వెయ్యాలో నేను చెప్పను. ఇంతకాలం చెప్పింది చాలు."

శనివారం బెంచీలు నిండాయి. జడ్జీలు మోకాళ్ల మీద దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. దర్జీ చివరి వరసలో కూర్చుని, కోచ్ నమస్కారం పెట్టినా చూడనట్టు కూతురి కోటు మడత పెడుతోంది. పిల్ల ఇంట్లో చెప్పేసిందని కోచ్‌కు అర్థమైంది.

పిచ్చుక వంతు వచ్చింది. సంగీతం మొదలైంది. చిన్న జంపులు ఎడమకే వేసింది, పడలేదు. పెద్ద జంప్ చోటు వచ్చింది. పొడుగునా జారుతూ వస్తోంది. కోచ్ గోడ మీది రబ్బరును రెండు చేతులతో పట్టుకుంది. ఎటని ప్రార్థించాలో తెలియక, ఊరికే స్వామీ స్వామీ అనుకుంది.

పిచ్చుక కాలు మార్చింది. కుడికి లేచింది. అర చుట్టు.

ఎంత ఎత్తు లేచినా అది అర చుట్టే. జడ్జీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనకెక్కడో ఎవరో ఒక్క చప్పట కొట్టి, ఇది కొట్టాల్సిన చోటు కాదేమోనని ఆపేశారు. పిచ్చుక మిగతాది పూర్తి చేసి, వంగి నమస్కరించి బయటికి వచ్చింది. మార్కులు వచ్చేదాకా పిల్ల, కోచ్ పక్కపక్కన కూర్చునే బెంచీ ఒకటి ఉంటుంది. ఇద్దరూ కూర్చున్నారు.

"చివరా?" అంది పిచ్చుక, బోర్డు వెలిగాక.

"చివరే."

దర్జీ వచ్చి కూతురికి కోటు తొడిగింది. బొత్తాలు ఒక్కొక్కటీ పెట్టింది. అన్నీ పెట్టాక కోచ్ వైపు తిరిగింది.

"మాట ఇచ్చారు."

"ఇచ్చాను."

"తప్పారు."

"తప్పానమ్మా."

దర్జీ కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. ఇద్దరు కూర్చునే బెంచీ మీద కోచ్ ఒక్కతే మిగిలింది. తర్వాతి పిల్ల, ఆ పిల్ల కోచ్ వచ్చి, "మేడమ్, కాస్త లేస్తారా?" అనేదాకా కూర్చునే ఉంది.

నడవలో మేనేజర్ ఆపాడు. "పెద్ద జంప్ చోట అర చుట్టా! మీకేమన్నా మతిపోయిందా మేడమ్? ఊళ్లో నా మొహం ఎక్కడ పెట్టుకోను?" ఆమె చెప్పబోయింది. ఆయన చెయ్యి ఊపాడు. "వద్దు, ఏం చెప్పకండి. సోమవారం నుంచి పెద్ద బ్యాచ్ వేరేవాళ్లు చూస్తారు. మీరు పొద్దుటి చిన్నపిల్లల బ్యాచ్ చూసుకోండి."

"అలాగేనండీ," అంది.

బయట సన్నగా వాన. ఆమె కోటు టోపీ తల మీదికి లాక్కుని మెట్లు దిగుతుంటే, బస్సు స్టాపు వైపునుంచి ఎవరో పరుగెత్తుకుంటూ వచ్చారు. పిచ్చుక. ఆయాసపడుతూ ఎదురుగా నిలబడింది.

"సోమవారం ఎప్పుడు రావాలి?"

"అమ్మ ఏమంది?"

"అమ్మ మాట్లాడటం లేదు. వెళ్లొద్దని కూడా అనలేదు. వెళ్లి అడిగిరా అన్నట్టు అటు తిరిగి నిలబడింది."

"పొద్దుటి బ్యాచ్‌కి రావాలి. చిన్నపిల్లలతో."

"వాళ్లతోనా! నా నడుం దాకా కూడా రారు. నవ్వుతారు మేడమ్."

"నవ్వనీ. నన్నూ ఆ బ్యాచ్‌కే వేశారు."

పిచ్చుక ఆ మాటను కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకున్నట్టు నిలబడింది. వాన చినుకులు ముక్కు మీదినుంచి జారుతున్నాయి.

"అసలు మీకు కుడికి తిరగడం వచ్చా?"

"అర చుట్టు వచ్చు. అంతకుమించి రాదు."

"మీకూనా?"

"నాకూ."

పిచ్చుక కోచ్ మోకాలి వైపు చూసింది, తర్వాత మొహం వైపు. ఆమె ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతంతా ఆ పిల్లకు ఆ ఒక్క మాటలోనే అందినట్టుంది. ఓదార్పు మాటేమీ అనలేదు. శుక్రవారం నాటి కోపం ఇంకా పూర్తిగా పోని మొహంతోనే అడిగింది.

"మరి నాకెలా నేర్పుతారు?"

"నువ్వు పడుతుంటే చూసి నేర్చుకుంటాను."

"అన్యాయం మేడమ్! ఎప్పుడూ నేనేనా? ఈసారి మీరు ముందు పడండి."

"సరే," అంది కోచ్.